గద్ద వర్సెస్ హనుమక్క

మన దేశంలో బతికి బట్టకట్టాలంటే బలం ఉండక్కర్లేదు, తెలివి అంతకన్నా అక్కర్లేదు. చట్టంలో ఏదో ఒక షెడ్యూలులో పేరుంటే చాలు. వన్యప్రాణి చట్టంలో గద్దకు షెడ్యూలు ఉంది. గొర్రెపిల్లకు లేదు. ఈ సంగతి గొర్రెపిల్లకు తెలియదు. గద్దకు తెలుసని మాత్రం నా గట్టి అనుమానం.

నా పేరు కేశన్న. ఎర్రకొండాపురం అటవీ రేంజి ఆఫీసుకు ఎదురుగా, రేకుల పంచ కింద బల్ల వేసుకుని ఇరవై రెండేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. మొదట చేత్తో రాశాను, తర్వాత టైపు మిషను మీద, ఇప్పుడు కంప్యూటరు మీద. నేను రాసిన అర్జీలకు జవాబులు రాకపోయి ఉండవచ్చు గానీ, వాటిలో తప్పు పట్టిన మగాడు ఇంతవరకు పుట్టలేదు. నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న ఒక్క వ్యసనం ఏమిటంటే, మంచి సర్కారు వాక్యం కనబడితే ఒళ్ళు మరిచిపోతాను. ఆ వ్యసనం హనుమక్క కొంప ఎలా తీసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

హనుమక్కది బండమీదపల్లి. కురుబోళ్ళు. మొగుడు బీరలింగప్ప పొద్దున్నే మందను తోలుకుని గుట్టల మీదికి పోతాడు. ఈనిన వారం పది రోజుల దాకా పిల్లలు అంత దూరం నడవలేవు కాబట్టి, అవి మంద దిగిన చేలోనే హనుమక్క దగ్గర ఉంటాయి. సాయంత్రం తల్లులు తిరిగొచ్చి పాలిస్తాయి. తరతరాలుగా జరుగుతున్న పద్ధతి ఇది. ఒకరోజు ఆవిడ నా బల్ల ముందుకొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని నిలబడింది.

"కేశన్నా, గద్ద మూడు పిల్లల్ని ఎత్తకపాయ. ఎవురికి చెప్పుకోవాల?"

"రాయి తీసుకుని అదిలించకపోయినావా అక్కా?"

"అదిలిస్తి. బీటాఫీసరు మునెయ్య సారు ఆ దోవన పోతా చూసి, రాయి పడెయ్ ముసల్దానా, ఆ పచ్చికి తగిల్తే మూడేండ్లు లోపలికి పోతావ్ అనె. పడేస్తి. ఆ తట్టు రాయి పడేస్తి, ఈ తట్టు అది పిల్లను ఎత్తకపాయ."

నేను అర్జీ రాసిచ్చాను. 'సదరు పక్షి ఆగడాల నుండి నా గొర్రెపిల్లలకు రక్షణ కల్పించవలసిందిగా' అని. ఆవిడతో పాటు నేనూ లోపలికి వెళ్ళాను, ఎందుకంటే ఆఫీసులో గుమాస్తా మూడు నెలలుగా సెలవులో ఉన్నాడు, రేంజరు గారు చెబుతుంటే రాసిపెట్టే పని కూడా నామీదే పడింది.

రేంజరు దివాకరమూర్తి గారు చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లంచం ముట్టడు. పిచ్చుక కాలు విరిగినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ప్రపంచంలో ఏది జరిగినా అది ఏ సెక్షను కింద జరిగిందో తెలిస్తే గానీ జరిగినట్టు ఒప్పుకోడు.

అర్జీ రెండుసార్లు చదివి, "సదరు పిల్లల కళేబరాలు ఎక్కడ?" అని అడిగాడు.

"గద్ద తినె సామీ."

"తినడం నువ్వు చూశావా?"

"ఎత్తకపొయ్యేది చూస్తి."

"ఎత్తుకుపోవడం వేరమ్మా, తినడం వేరు. అది రవాణా మాత్రమే అయి ఉండవచ్చు."

హనుమక్క నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది. "సాక్కునేదానికి ఎత్తకపాయనా సామీ?"

"ఆ కోణాన్ని కొట్టిపారెయ్యలేం," అన్నాడాయన గంభీరంగా. "ప్రకృతిలో అలాంటి ఉదాహరణలు ఉన్నాయి."

"నాకు దుడ్లు గిడ్లు ఏమొద్దు సామీ. ఆ గద్దను ఆ పక్కకు రాకుండ సెయ్యండి, సాలు."

"దానికి రావొద్దని చెప్పే అధికారం రాష్ట్రంలో ఎవరికీ లేదు," అని రేంజరు గారు లేచాడు. "అయినా మీ బాధ నాకు అర్థమైంది. క్షేత్ర పరిశీలన చేస్తాను."

ఆ మాటకు హనుమక్క ఆయన కాళ్ళకు దండం పెట్టింది. పాపం, క్షేత్ర పరిశీలన అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. 

మర్నాడు పొద్దున జీపులో వెళ్ళాం. కోత కోసిన జొన్న చేలో కంచె, పక్కన తంగేడు బరికెలతో అల్లిన పెద్ద గంప బోర్లించి ఉంది. దానిమీద ఒక రాయి. గాలాడటానికి ఒక అంచు కింద చిన్న పుల్ల ఆనించి ఉంది. లోపల ఏడు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. బొడ్డు పేగు ఎండనివి కూడా ఉన్నాయి వాటిలో. రాయి పట్టొద్దన్నారు కదా, ఇంకేం చేస్తుంది, ఉన్న పిల్లలన్నింటినీ గంప కింద దాచుకుంది.

రేంజరు గారు గంప చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాడు. తర్వాత సంచిలోంచి శాఖవారి చేతిపుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒక బొమ్మ దగ్గర ఆగాడు. నేను తొంగిచూశాను. పక్షుల వేటగాళ్ళు వాడే ఉచ్చులు, బొమ్మ నాలుగు. బోర్లించిన గంప. అంచు కింద పుల్ల. లోపల ఎర.

"ఇదేమిటి?"

"గంప సామీ."

"ఏ పని నిమిత్తం?"

"పిల్లల్ని మూసిపెట్టేదానికి."

"ఎవరి నుండి?"

"గద్ద నుంచి."

"అంటే గద్ద ఇక్కడికి వస్తుందని నీకు ముందే తెలుసు."

"తెల్సు సామీ. రోజూ వస్తాది గదా."

"రాసుకో కేశన్నా. గద్ద వస్తుందని ముద్దాయికి ముందుగానే తెలుసు." ముద్దాయి అన్న మాట వినగానే నా కలం ఆగింది. ఆయన ఆగలేదు. "ఈ పుల్ల లాగితే ఏమవుతుంది?"

"గంప కిందికి పడతాది."

"రాసుకో. యంత్రం పనిచేసే విధానం ముద్దాయికి తెలుసు. ఇంతవరకు దీని కింద ఎన్ని గద్దలు పడ్డాయి?"

"ఒగటీ పడలే సామీ, గద్దేంటికి పడతాది దీంట్లో?"

"రాసుకో. వేట ఇంతవరకు ఫలించలేదు. కాబట్టి ప్రయత్నం కిందికి వస్తుంది." ఆయన వంగి గంప సందులోంచి చూశాడు. "ఎర ప్రాణంతో ఉంది. ఆరోగ్యంగా కూడా ఉంది. ఇది కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చేసే పని కాదు."

అలా పదిహేను నిమిషాల్లో కేసు తయారైంది. బోను: గంప ఒకటి. ఎర: గొర్రెపిల్లలు ఏడు. బాధితుడు: గద్ద. ముద్దాయి: హనుమక్క, బీరలింగప్ప భార్య. నిజం చెప్పొద్దూ, చదువుకుంటే పంచనామా ఎక్కడా అతుకు కనబడకుండా కుదిరింది. ఆ సంబరంలోనే నేను ఉండగా మునెయ్య పిల్లల్ని ఒక్కొక్కటే ఎత్తి జీపులో పడేశాడు. హనుమక్కను స్టేషనుకు తీసుకుపోలేదు. ముసలావిడ, పారిపోదు, పిలిచినప్పుడు రమ్మన్నారు. జీపు కదిలాక ఆవిడ చెప్పుల్లేని కాళ్ళతో మా వెనక పరిగెత్తింది. "సామీ, అవి పాలు తాగల్ల సామీ, పాలు తాగల్ల!" అని అరుస్తూ కొయ్యకాళ్ళ చేనంతా పరిగెత్తింది. అప్పుడు సిగ్గుపడి పంచనామా మూసేశాను.

ఆఫీసుకు రాగానే గంపను స్టోరు గదిలో పెట్టి లక్క సీలు వేశారు. పిల్లల మెడలకు అట్టముక్కలు కట్టారు, ఎర-1 నుంచి ఎర-7 దాకా. వాటిని మాత్రం ఆవరణలో ఆరుబయట వదిలేశారు. గదిలో పెట్టొచ్చు కదా అంటే, గదిలో వేరే కేసు తాలూకు ఎర్రచందనం దుంగలు ఉన్నాయి, రెండు కేసుల సొత్తు కలపకూడదట. పోనీ గంప కింద పెట్టండి అంటే, రేంజరు గారు నన్ను జాలిగా చూశాడు.

"ప్రభుత్వమే ఉచ్చు పన్నమంటావా కేశన్నా?"

మధ్యాహ్నానికి ఏడూ అరవడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి గొంతులు పోయాయి. అరవడం కన్నా ఆ పోయిన గొంతులు వినడం కష్టంగా ఉండింది. గేటు బయట హనుమక్క తల్లులు ఏడింటినీ తోలుకొచ్చి నిలబడింది. వాటి పొదుగులు పాలతో రాళ్ళలా బిగుసుకుని ఉన్నాయి.

"కేశన్నా, పాలు గడ్డ కడితే తల్లులు గూడ సచ్చిపోతాయి. రొవ్వంత సేపు లోపలికి ఇడవమని చెప్పు. నీకు పుణ్యముంటాది."

వెళ్ళి అడిగాను. ప్రైవేటు పశువులు అటవీ ప్రాంగణంలో అడుగుపెడితే అది అక్రమ మేత కిందికి వస్తుందని రేంజరు గారు చెప్పాడు. ఆవరణలో గడ్డిపోచ లేదు సార్ అన్నాను. మేసే ఉద్దేశం ఉంటే చాలన్నాడు. పోనీ ఎరకు తిండి పెట్టాలని చట్టంలో లేదా అన్నాను. పుస్తకం అంతా వెతికి, ఎర తినబడేదే గానీ తినేది కాదు కనుక అటువంటి నిబంధన అవసరం పడలేదన్నాడు. అన్నాడే గానీ, ఆ పిల్లల వైపు చూసినప్పుడు ఆయన మొహమూ మాడిపోయింది. సెక్షను దొరికితే ఆయనే పాలు పట్టి ఉండేవాడు.

అక్కడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. పనిచేయకపోయినా బాగుండేది. ఉచ్చు పన్నే సామగ్రిని స్వాధీనం చేసుకోవచ్చు కదా? ఎరను తయారుచేసేది ఎవరు? తల్లులు! పరిగెత్తి వచ్చి అర్జీ కొట్టాను. 'ముద్దాయి వద్ద ఎర ఉత్పత్తి సాధనములు ఏడు ఇంకనూ స్వేచ్ఛగా తిరుగుచున్నందున, అవి పునః ఎరను ఉత్పత్తి చేయు ప్రమాదము కలదు గనుక, వాటిని తక్షణమే జప్తు చేయవలసిందిగా ప్రార్థన.' నా సర్వీసులో అంత అందమైన అర్జీ రాయలేదు. రేంజరు గారి కళ్ళు మెరిశాయి. పావుగంటలో మంజూరు. గేటు తెరిచారు, తల్లులు లోపలికి ఉరికాయి, ఒక్కోటి ఒక్కో పిల్ల దగ్గర ఆగి వాసన చూసి నిలబడింది. ఆవరణ అంతా చప్పరింపులు. నాకు కళ్ళ వెంబడి నీళ్ళు వచ్చాయి.

గర్వంగా గేటు బయటికి వచ్చాను. హనుమక్క తల పట్టుకుని కూర్చుని ఉంది.

"పిల్లల్ని ఇడిపియ్ నాయనా అంటే, తల్లుల్ని గూడ పట్టిస్తివా?"

నిజమే. ఆ సంగతి నాకు తట్టలేదు. చూస్తూ చూస్తూ ఆవిడ చేతులారా పెంచుకున్న ఏడు గొర్రెల్ని నా చేతులారా కేసులో ఇరికించాను. "పాలైతే తాగినాయి కదక్కా," అన్నాను.

"తాగినాయి," అంది. "దాని మటుకు నీ కడుపు సల్లగుండ." ఆ మాట దీవెనో దెప్పిపొడుపో ఇప్పటికీ నాకు తేలలేదు.

మూడో రోజు పొద్దున పదకొండు గంటలకు, ఆఫీసు అంతా నిండుగా ఉండగా, గద్ద వచ్చింది. ఆరుబయట ఏడు పిల్లలు పడుకుని ఉంటే రాకేం చేస్తుంది? ఒక్క వాలు వాలింది, ఎర-4 ను మెడ అట్టతో సహా ఎత్తుకుని పోయింది. హనుమక్క గేటు కమ్ముల్లోంచి చేతులు చాపి అరిచింది. మునెయ్య కర్ర ఎత్తబోయాడు. రేంజరు గారు వరండాలోంచి దూకాడు.

"కర్ర దించు! ఆయన మన కేసులో బాధితుడు!"

"సార్, ఆ బాధితుడే కదా సార్ ఎత్తుకుపోయింది," అన్నాను.

రేంజరు గారు కాసేపు ఆలోచించాడు. అంతలో మొహం వికసించింది. "అంటే ఎర పనిచేస్తుందని రుజువైంది. రాసుకో. ముద్దాయి పెట్టిన ఎర ఎంత ప్రమాదకరమైనదంటే, ప్రభుత్వ అదుపులో ఉండి కూడా బాధితుణ్ణి ఆకర్షించింది."

ఆ వారంలోనే ఎర-2 కూడా పోయింది. కేసు మరింత బలపడింది.

తిండి అంత సులువుగా దొరికే చోటు వదిలి పోవడానికి గద్దకేమన్నా పిచ్చా? జంటను వెంటబెట్టుకొచ్చి, ఆఫీసు వైర్‌లెస్ టవరు మీద పుల్లలు పేర్చడం మొదలుపెట్టింది. రేంజరు గారు ఆ సంగతి పైకి రాశాడు. రెండో రోజుకే హెడ్డాఫీసు నుంచి ఒక మేడమ్ దిగింది. మెడలో బైనాక్యులర్స్, టోపీ, చేతిలో నీళ్ళ సీసా. టవరు వంక చూసి చేతులు జోడించింది.

"దివాకరమూర్తి గారూ! షెడ్యూల్డ్ పక్షి రేంజి ఆఫీసు మీదే గూడు కట్టడం! ఇది మీ సంరక్షణ కృషికి ప్రకృతి ఇచ్చిన సర్టిఫికెట్టు!" తర్వాత ఆవరణలోకి చూసింది. "ఈ గొర్రెలు?"

"ఎర మేడమ్. కేసు సొత్తు."

"కాదు," అంది మేడమ్. "ఈ క్షణం నుంచి ఇది గూటి పక్షి తాలూకు ఆహార ఆధారం. దీన్ని గద్ద తప్ప ఇంకెవరూ తాకకూడదు. యజమాని తాకినా సరే, అది వన్యప్రాణి నోటి కాడి కూడు లాక్కోవడమే."

చట్టంలో గొర్రెకు రక్షణ లేదని మొదట్లో అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు వచ్చింది. గద్ద కోసం రక్షించారు.

దాంతో పాటే ఇంకో ఉత్తర్వు వచ్చింది. గూడు కట్టే కాలంలో చప్పుడు వింటే పక్షి గూడు వదిలేస్తుంది కాబట్టి, టవరు చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలం. రోడ్డు మీద తెల్లరంగుతో గీత గీశారు. బోర్డు పెట్టారు: 'ఈ గీత లోపల మాట్లాడుట, అరచుట, పాడుట, దగ్గుట, వాహనము నడుపుట నేరము.' కింద రేంజరు గారి సంతకం.

ఆ తొమ్మిది రోజులు ఎర్రకొండాపురం బతికిన బతుకు ఏమని చెప్పను! టీ కొట్టు ఖాదర్‌వలి, గ్లాసులు తగిలితే చప్పుడవుతుందని టీ దోసిట్లో పోయించుకోమన్నాడు. బస్సు గీత దగ్గర ఇంజను ఆపితే, ప్రయాణికులు దిగి వంద మీటర్లు ఇటు, వంద మీటర్లు అటు తోసేవాళ్ళు. ఒక పెళ్ళి ఊరేగింపు వచ్చింది. బ్యాండువాళ్ళు బుగ్గలు ఉబ్బించి, డప్పులకు అంగుళం ఎడంగా పుల్లలు ఆడించుకుంటూ పోయారు. పెళ్ళికూతురు తరఫు ముసలమ్మ అది చూసి ఎవరో చచ్చారనుకుని శోకండం తీయబోయి, నోరు నొక్కించుకుంది. గట్టు తగాదాలో ఏడేళ్ళుగా కొట్టుకుంటున్న అన్నదమ్ములిద్దరు నా బల్ల దగ్గర గుసగుసగా తిట్టుకోబోయి, తిట్టు కుదరక, రాజీ పడి వెళ్ళిపోయారు. నా ప్రింటరు గుయ్యిమంటుందని దాని మీద దుప్పటి కప్పి, మళ్ళీ చేతిరాతకు దిగాను. ఆఫీసులో అందరూ గోడలకు ఆనుకుని వేళ్ళ మీద నడిచేవాళ్ళు. రేంజరు గారికి తుమ్ము వస్తే స్టోరు గదిలోకి పరిగెత్తి, ఎర్రచందనం దుంగల మధ్య తుమ్మి వచ్చేవాడు.

హనుమక్క మాత్రం రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చునేది. తల్లులకు ఇంత ఆకు తెచ్చి కమ్ముల్లోంచి వేసేది. నోరెత్తేది కాదు. మిగిలిన అయిదు పిల్లలూ ఆవిణ్ణి చూసి కమ్ముల దగ్గరికి వచ్చి వేళ్ళు చప్పరించేవి.

పదో రోజున మేడమ్ మళ్ళీ వస్తోందని తెలిసింది. గూట్లో ఆడపక్షి కూర్చుంది. అది కదిలి వేటకు పోకుండా, ఆహారాన్ని డాబా మీదికే అందించాలని ఆలోచన. కార్యక్రమానికి 'సహజ ఆహార సమర్పణ' అని పేరు. పొద్దున పదకొండు గంటలకు ముహూర్తం. పిల్లల్లో బక్కది, ఎర-6 ను ఎంపిక చేసి, మెడకు ఆకుపచ్చ రిబ్బను కట్టారు. డాబా మీద గుంజ పాతారు. ఆహ్వాన పత్రాలు నాచేతే రాయించారు.

రాసి, తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, ఆయన చెవి దగ్గర వంగి, "సార్, గుంజకు కట్టి గద్ద కోసం పెడితే అది ఎర కాదా?" అని గొణిగాను.

"ఎర అంటే పట్టుకోవడానికి పెట్టేది," అని ఆయన నా చెవిలో గొణిగాడు. "ఇది తినడానికి పెట్టేది. రెండింటికీ చాలా తేడా ఉందయ్యా."

"గొర్రెపిల్లకు ఏం తేడా సార్?"

"గొర్రెపిల్ల ఈ వ్యవహారంలో పార్టీ కాదు."

అప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక సర్కారు వాక్యం విని అసహ్యం వేసింది. బయటికి వచ్చి, గీత అవతలికి హనుమక్కను పిలుచుకుపోయి, అంతా చెప్పాను. అర్జీ రాయనా అక్కా అని అడిగాను.

"నువ్వు మాత్రం ఏం రాయాకు నాయనా," అంది ఆవిడ. "నీకు దండం పెడతా, ఈ ఒక్కపారికి ఏం రాయాకు."

పదో రోజు పదిన్నరకు హనుమక్క గేటు దగ్గరికి వచ్చింది. మేడమ్ వస్తుందని గేటు బార్లా తెరిచి ఉంచారు. మునెయ్య రిబ్బను కట్టిన పిల్లను చంకలో పెట్టుకుని డాబా మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. హనుమక్క తిన్నగా నడుచుకుంటూ పోయి, వాడి చంకలోంచి పిల్లను తీసుకుంది. వాడు లాక్కోబోయాడు. ఆవిడ వాడి కళ్ళలోకి ఎలా చూసిందో గానీ, వాడి చేతులు కిందికి జారిపోయాయి. పిల్లను గుండెకు అదుముకుని, వెనక్కి తిరిగి, వచ్చినంత నెమ్మదిగానే గేటు వైపు నడిచింది. ఆ పిల్ల తల్లి ఆవిడ వెంట పడింది. దాని వెనక మిగిలిన ఆరు. వాటి వెనక నాలుగు పిల్లలు.

రేంజరు గారు వరండాలోకి వచ్చి చూశాడు. నోరు తెరిచాడు. టవరు వంక చూశాడు. నోరు మూశాడు. రెండు చేతులూ గాల్లో ఊపాడు. ఎవరు చూస్తారు? డ్రైవరు జీపెక్కి తాళం తిప్పబోతే, ఉరికి వెళ్ళి వాడి చేయి పట్టుకున్నాడు. మునెయ్య దారికడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. గొర్రెలు వాడి కాళ్ళ సందుల్లోంచి పోయాయి. చివరికి రేంజరు గారు బూట్లు విప్పి, కంకర రాళ్ళ మీద వేళ్ళతో పరిగెత్తి నా బల్ల దగ్గరికి వచ్చి, కాగితం లాక్కుని నోటీసు గీకి, ఆవిడ ముందుకు పోయి ఎత్తి పట్టుకున్నాడు.

హనుమక్క దాన్ని చూసి, మెల్లగా, "నాకు సదువు రాదు సామీ. సదివి ఇనిపీండి," అంది.

ఆయన ఆవిడ చెవి దగ్గర గొణిగాడు.

"వయసైపాయ సామీ. వినపల్లే."

ఆయన ఇంకా దగ్గరికి వంగి గొణిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి నడుస్తూనే ఉంది. ఆయన నుదుటి మీద చెమటలు. మళ్ళీ నా బల్ల దగ్గరికి ఉరికొచ్చి, కాగితం నా చేతిలో కుక్కి, చదువు చదువు అని సైగ చేశాడు. నేను ఊళ్ళో కంచు కంఠం ఉన్నవాణ్ణి. బజారు చివరిదాకా వినిపించేలా చదవగలను. వేలెత్తి బోర్డు చూపించాను. దానికింద ఆయన సంతకమే ఉంది. ఆయన దాన్ని చదువుకున్నాడు, మొదటిసారి చదువుతున్నట్టు.

తెల్లగీత వచ్చింది. హనుమక్క దాటింది. తల్లులు దాటాయి, పిల్లలు దాటాయి. ఆవిడ చంకలో పిల్లను కిందికి దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "హుర్ర్ర్ర్... హోయ్! పాండి నా తల్లులారా, ఇంటికి పాండి!" అని ఒక్క కేక పెట్టింది. తొమ్మిది రోజులుగా నిండు గొంతు వినని ఊరు అదిరిపడింది. అయిదు పిల్లలూ ఒక్కసారి తిరిగి అరిచాయి.

ఆఫీసువాళ్ళందరూ కొయ్యబారిపోయి టవరు వైపు తలలెత్తారు. రేంజరు గారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇక లేచిపోతుంది, గూడు వదిలేస్తుంది అని.

గద్ద తల కూడా తిప్పలేదు. ముక్కుతో రెక్క కింద గోక్కుని, ఒక పుల్ల సర్దుకుని, మళ్ళీ కూర్చుంది.

నాకు నవ్వు ఆగలేదు. తొమ్మిది రోజులు ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి వచ్చింది. బల్ల మీద పడి, కంచు కంఠంతో, పొట్ట పట్టుకుని నవ్వాను. ఖాదర్‌వలి కొట్టులో గ్లాసులు కింద పెట్టి, చప్పుడు కాకుండా వాడూ నవ్వాడు.

హనుమక్క మీద కేసు కొట్టేశారు. మేడమ్ ముందు మాట పడటం ఇష్టం లేక, ఆహార ఆధారం స్వచ్ఛందంగా వలస వెళ్ళిందని రేంజరు గారు నివేదిక ఇచ్చాడు. వలస సహజ ప్రక్రియ కాబట్టి ఎవరూ అడ్డగించరాదని మేడమ్ కింద రాసింది. ఎర లేనప్పుడు ఉచ్చు లేదు, ఉచ్చు లేనప్పుడు వేట లేదు.

కేసు ఉన్నది నా ఒక్కడి మీదే, నిశ్శబ్ద మండలంలో నవ్వినందుకు. నా అర్జీ నేనే రాసుకుంటున్నాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా వాక్యం కుదరడం లేదు. సాక్ష్యానికి వస్తావా అక్కా అని బండమీదపల్లికి పోయి అడిగి వచ్చాను. తప్పకుండా వస్తానంది హనుమక్క. వాయిదా రోజున గొర్రెలేవీ ఈనకపోతే.